ఊహాజట్టు ఫుట్‌బాల్‌లో ఆటగాళ్ల ఎంపిక: వ్యూహం, గణాంకం, యాదృచ్ఛికత

వ్యాససంగ్రహం:

నిజమైన ఆటగాళ్ల ప్రదర్శన ఆధారంగా పాయింట్లు లెక్కించే ఊహాజట్టు క్రీడ (ఫాంటసీ స్పోర్ట్స్) నేటి యువతరం వినోదాల్లో ఒకటి. ఇందులో ఆటగాళ్లను ఎంచుకొనే పద్ధతిని ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశ్యం. నియమావళి, జట్టు వ్యూహం, గణాంకం అనే మూడు అంశాలు ఎంపికను ఎలా నిర్దేశిస్తాయో సోదాహరణంగా చూపి, ఆ ఎంపికలో నైపుణ్యానికి, యాదృచ్ఛికతకు గల పాళ్లు కాలవ్యవధిని బట్టి మారతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రను, తెలుగునేల నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన రమ్మీ వ్యాజ్యాన్ని, తెలుగు భారతంలోని నలోపాఖ్యానాన్ని సందర్భానుసారంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఊహాజట్టు క్రీడ, ఫుట్‌బాల్, వ్యూహం, అంచనా గోల్స్, సంభావ్యత, నైపుణ్యం, జూదం, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు తూర్పుభాగంలోని దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్.బి. నగర్ ప్రాంతాలు పోటీపరీక్షల శిక్షణకేంద్రాలకు, విద్యార్థుల వసతిగృహాలకు ప్రసిద్ధి. ఉభయ తెలుగు రాష్ట్రాల జిల్లాల నుంచి వచ్చిన అభ్యర్థులు ఇక్కడ గదులు అద్దెకు తీసుకొని చదువుకుంటారు. ఏ అధ్యాయానికి ఎన్ని మార్కుల వెయిటేజీ, ఏ ప్రశ్న వదిలేయాలి, తప్పు జవాబుకు ఎంత కోత అన్న లెక్కలు వారికి నిత్యకృత్యం. పరిమితమైన సమయాన్ని, పరిమితమైన ధనాన్ని ఎక్కడ ఖర్చుపెడితే గరిష్ఠ ఫలితం వస్తుందన్న ఆలోచన ఆ జీవితంలో సహజంగా అలవడుతుంది.

ఊహాజట్టు ఫుట్‌బాల్‌లో ఆటగాళ్ల ఎంపిక కూడా ఇదే ఆలోచనతో నడుస్తుంది. ఇంగ్లండు ప్రీమియర్ లీగ్‌లో సంప్రదాయంగా శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మొదలయ్యే మ్యాచ్‌లు భారతీయ కాలమానం ప్రకారం అక్కడి వేసవి వేళల్లో రాత్రి 7:30కు, శీతాకాలంలో 8:30కు ప్రారంభమవుతాయి. శిక్షణతరగతులు ముగించుకొని గదికి చేరిన విద్యార్థికి అనువైన వేళ అది. చేతిలోని ఫోన్‌లో ఖర్చులేకుండా ఆడే ఆట కావడం మరో అనుకూలత. అయితే అదే ఫోన్‌లో, అదే పేరుతో, డబ్బు పెట్టి ఆడే ఆటలు కూడా కొన్నేళ్లపాటు దేశమంతటా ప్రచారంలో ఉన్నాయి. ఈ రెంటికీ గల భేదం తెలియాలంటే ముందు ఎంపికప్రక్రియ అంతరంగం తెలియాలి.

2. ఊహాజట్టు క్రీడ – నిర్మాణం, నియమాలు:

ఊహాజట్టు క్రీడకు అమెరికాలో 1962లో ఓక్లండుకు చెందిన విల్ఫ్రెడ్ వింకెన్‌బాక్ ప్రభృతులు అమెరికన్ ఫుట్‌బాల్ ఆధారంగా రూపకల్పన చేశారు. 1980లో డేనియల్ ఓక్రెంట్ బేస్‌బాల్‌కు అటువంటి ఆటనే ప్రవేశపెట్టి వ్యాప్తిలోకి తెచ్చాడు. 1990లో ఇటలీలో రికార్డో అల్బీని ఫుట్‌బాల్‌కు అన్వయించాడు. ప్రీమియర్ లీగ్ అధికారికంగా నిర్వహించే ఆట 2002-03లో మొదలైంది. నేడు దానిలో నమోదైనవారి సంఖ్య కోటికి పైమాటే.

ఈ ఆటలో పాల్గొనే వ్యక్తిని 'మేనేజర్' అంటారు. అతనికి పది కోట్ల పౌండ్ల ఊహాధనం ఇస్తారు. ఆ ధనంతో ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు కలిసి 15 మందిని కొనుక్కోవాలి. ఒక క్లబ్బు నుంచి ముగ్గురికి మించి తీసుకోరాదు. వారానికి 11 మందిని బరిలోకి దింపాలి. వారిలో నాయకుడిగా నియమించిన ఆటగాడి పాయింట్లు రెట్టింపవుతాయి. వారానికి ఒక మార్పు ఉచితం. అంతకు మించిన ప్రతి మార్పుకు నాలుగు పాయింట్లు కోత. ఆ వారపు తొలి మ్యాచ్‌కు 90 నిమిషాల ముందే జట్టును ఖరారు చేయాలి.

పాయింట్ల విధానంలోనే ఎంపికకు మూలసూత్రం దాగి ఉంది. 2025-26 నియమాల ప్రకారం 60 నిమిషాలు లేదా అంతకు మించి ఆడితే రెండు పాయింట్లు, అంతకంటే తక్కువ ఆడితే ఒకటి. గోల్ చేసినవాడు ఫార్వర్డ్ అయితే నాలుగు, మిడ్‌ఫీల్డర్ అయితే ఐదు, డిఫెండర్ అయితే ఆరు, గోల్‌కీపర్ అయితే పది. గోల్‌కు తోడ్పడిన పాస్‌కు మూడు. ప్రత్యర్థికి ఒక్క గోల్ కూడా ఇవ్వకపోతే, అనగా 'క్లీన్ షీట్' సాధిస్తే, గోల్‌కీపర్‌కు, డిఫెండర్‌కు నాలుగు చొప్పున, మిడ్‌ఫీల్డర్‌కు ఒకటి లభిస్తాయి. ఇచ్చిన ప్రతి రెండు గోల్స్‌కు గోల్‌కీపర్, డిఫెండర్‌ల నుంచి ఒక పాయింటు తగ్గుతుంది. డిఫెండర్ ఒక మ్యాచ్‌లో బంతిని అడ్డగించడం, తన్నివేయడం, లాక్కోవడం వంటి రక్షణచర్యలు పది చేస్తే రెండు పాయింట్లు అదనం. పసుపుకార్డుకు ఒకటి, ఎర్రకార్డుకు మూడు తగ్గుతాయి.

ఈ పట్టికను గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఆటగాడు మైదానంలో ఏ పని చేస్తాడన్నది ఒకటి. నియమావళి అతణ్ణి ఏ వర్గంలో చేర్చిందన్నది మరొకటి. ఒకే గోల్‌కు వర్గాన్ని బట్టి విలువ మారుతుంది. నిపుణుడైన మేనేజర్ ఈ రెంటి మధ్య తేడాను వెతుకుతాడు.

3. జట్టు వ్యూహం – వర్గనామం, వాస్తవపాత్ర:

వర్గనామానికి, వాస్తవపాత్రకు మధ్య తేడాను గ్రహించడానికి హైదరాబాదు చరిత్రలోనే చక్కని ఉదాహరణ ఉంది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన మార్గదర్శనంలోనే భారతజట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణపతకం సాధించింది.

ఆ జకార్తా పోటీల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. గాయంతో ఉన్న ఆటగాణ్ణి రక్షణలో నిలపకుండా, రహీం అతణ్ణి సెమీఫైనల్‌లోను, ఫైనల్‌లోను సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. జర్నైల్ సింగ్ రెండింటిలోనూ గోల్ చేశాడు. దక్షిణకొరియాపై ఫైనల్‌లో భారత్ 2-1తో గెలిచింది. మరో గోల్ పి.కె. బెనర్జీది. నేటి ఊహాజట్టు లెక్కతో చూస్తే, జాబితాలో డిఫెండర్‌గా ఉండి ఫార్వర్డ్ స్థానంలో ఆడిన జర్నైల్ సింగ్ గోల్‌కు నాలుగు కాక ఆరు పాయింట్లు వచ్చేవి. జట్టు గోల్ ఇవ్వకుంటే అదనంగా మరో నాలుగు వచ్చేవి. శిక్షకుని వ్యూహంలో వచ్చిన మార్పును ముందుగా పసిగట్టిన మేనేజర్‌కు దక్కే లాభం ఇటువంటిది.

ప్రీమియర్ లీగ్‌లో ఇదే సూత్రానికి మూడు ఉదాహరణలు చెప్పుకోవచ్చు.

మొదటిది: 2016 సెప్టెంబరు 24న ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడిన తరువాత చెల్సీ శిక్షకుడు ఆంటోనియో కాంటే జట్టును 3-4-3 కూర్పులోకి మార్చాడు. వెనుక ముగ్గురు డిఫెండర్లు నిలవడంతో ఎడమవైపు ఉన్న మార్కోస్ అలోన్సోకు ముందుకు చొచ్చుకుపోయే స్వేచ్ఛ కలిగింది. చెల్సీ లీగ్‌లో వరుసగా 13 మ్యాచ్‌లు గెలిచింది. జాబితాలో డిఫెండర్‌గానే ఉన్న అలోన్సో ఆ సీజన్‌లో ఆరు లీగ్ గోల్స్ చేశాడు. క్లీన్ షీట్ పాయింట్లు, గోల్ పాయింట్లు రెండూ ఒకే ఆటగాడి నుంచి లభించాయి.

రెండవది: లివర్‌పూల్ తరఫున ఆడిన మొహమ్మద్ సలా. యుర్గెన్ క్లాప్ 4-3-3 కూర్పులో అతడు కుడివైపు నుంచి గోల్‌వైపు దూసుకొచ్చే ఫార్వర్డ్. ఊహాజట్టు జాబితాలో మాత్రం మిడ్‌ఫీల్డర్. 2017-18లో 32 లీగ్ గోల్స్‌తో 303 పాయింట్లు తెచ్చాడు. 2024-25లో 29 గోల్స్, 18 తోడ్పాట్లతో 344 పాయింట్లు సాధించి కొత్త రికార్డు నెలకొల్పాడు. 2022-23లో 36 గోల్స్ చేసిన ఎర్లింగ్ హాలండ్‌కు 272 పాయింట్లే వచ్చాయి. గోల్స్ ఎక్కువైనా ఫార్వర్డ్ వర్గంలో గోల్ విలువ తక్కువ కావడం ఈ తేడాకు ఒక కారణం. తోడ్పాట్ల సంఖ్య మరో కారణం.

మూడవది: అదే లివర్‌పూల్‌లో అప్పటి కుడివైపు డిఫెండర్ ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్. 2018-19లో 12, 2019-20లో 13 గోల్స్‌కు తోడ్పడ్డాడు. మధ్యభాగంలో సృజనాత్మక ఆటగాడు చేసే పనిని ఆ జట్టు పక్కనుండే డిఫెండర్‌కు అప్పగించడమే దీనికి మూలం.

ఈ ఉదాహరణల నుంచి ఒక నియమాన్ని రాబట్టవచ్చు. ఆటగాడి ప్రతిభ ఎంపికకు ఆధారమే. కాని ఆ ప్రతిభకు జట్టులో ఏ పని అప్పగించారన్నదే పాయింట్లను నిర్ణయిస్తుంది. పెనాల్టీ ఎవరు కొడతారు, కార్నర్ ఎవరు తీస్తారు, పక్కనుండే డిఫెండర్ ముందుకు వెళ్తాడా, వెనుకే ఉంటాడా, శిక్షకుడు వారంలో రెండు మ్యాచ్‌లుంటే ఎవరికి విశ్రాంతి ఇస్తాడు అన్న ప్రశ్నలు అందుకే ముఖ్యమైనవి.

4. గణాంకాలు – అంచనాకు ఆధారాలు:

ఫుట్‌బాల్‌ను లెక్కల్లో నమోదు చేసే ప్రయత్నం పాతదే. 1950లో ఇంగ్లండులో చార్లెస్ రీప్ స్విండన్ టౌన్ మ్యాచ్ చూస్తూ ప్రతి దాడిని కాగితంపై గుర్తించడంతో ఈ అధ్యయనానికి బీజం పడిందంటారు. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న కొలమానం 'అంచనా గోల్స్' (ఎక్స్‌జి). గోల్‌కు ఎంత దూరం నుంచి, ఏ కోణంలో, తలతోనా కాలితోనా కొట్టారన్న వివరాలను బట్టి, అటువంటి ప్రయత్నాలు గతంలో ఎన్నిసార్లు గోల్ అయ్యాయో లెక్కించి ప్రతి ప్రయత్నానికి సున్నా నుంచి ఒకటి మధ్య విలువ ఇస్తారు. పెనాల్టీ విలువ సుమారు 0.78. అంటే వంద పెనాల్టీల్లో దాదాపు 78 గోల్స్ అవుతాయని అర్థం.

ఒక ఆటగాడు నాలుగు మ్యాచ్‌ల్లో నాలుగు గోల్స్ చేసినా అతని అంచనా గోల్స్ మొత్తం 1.2 మాత్రమే అయితే, ఆ వేగం కొనసాగడం కష్టం. అదే నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ చేసి, అంచనా గోల్స్ 3.5 ఉన్న ఆటగాడు మంచి అవకాశాలు పొందుతున్నాడని భావించాలి. అయితే ఒకరిద్దరు ఆటగాళ్లు తమ నైపుణ్యంతో ఏళ్లతరబడి అంచనాను మించి గోల్స్ చేయగలరు. కనుక ఇది తీర్పు కాదు, సూచన.

క్లీన్ షీట్ సంభావ్యతకు ప్వాసాన్ పంపిణీ అనే గణితసూత్రం ఉపకరిస్తుంది. ప్రత్యర్థి సగటున ఒక గోల్ చేస్తాడని అంచనా ఉంటే, అసలు గోల్ చేయకపోయే అవకాశం సుమారు 37 శాతం. ఆ సగటు 0.8 అయితే 45 శాతం. 1.4 అయితే 25 శాతం.

ఈ సూత్రాలను ఒక ఊహాత్మక ఉదాహరణకు అన్వయించి చూడవచ్చు. ఒకే ధర గల ఇద్దరు డిఫెండర్లు ఉన్నారనుకుందాం. 'క' బలమైన జట్టులో మధ్యన నిలిచే డిఫెండర్. గోల్ చేసే అవకాశం మ్యాచ్‌కు 0.04, తోడ్పాటు 0.02, రక్షణచర్యల పాయింట్లు పొందే అవకాశం 0.25. 'గ' మధ్యస్థాయి జట్టులో పక్కనుండి దాడిచేసే డిఫెండర్. గోల్ 0.08, తోడ్పాటు 0.20, రక్షణచర్యలు 0.10. ఇద్దరూ మ్యాచ్ పూర్తిగా ఆడతారని భావిద్దాం. బోనస్‌ను, కార్డులను లెక్కలోకి తీసుకోవద్దు.

మొదటివారం 'క' జట్టు ప్రత్యర్థి సగటు 0.8 గోల్స్. ఆడినందుకు 2, క్లీన్ షీట్‌కు 0.45×4 = 1.80, గోల్‌కు 0.24, తోడ్పాటుకు 0.06, రక్షణచర్యలకు 0.50. గోల్స్ ఇచ్చినందుకు సగటు కోత 0.20. మొత్తం 4.40. అదేవారం 'గ' జట్టు ప్రత్యర్థి సగటు 1.3. ఆడినందుకు 2, క్లీన్ షీట్‌కు 0.27×4 = 1.08, గోల్‌కు 0.48, తోడ్పాటుకు 0.60, రక్షణచర్యలకు 0.20, కోత 0.42. మొత్తం 3.94. మొదటివారానికి 'క' మేలు.

రెండోవారం 'క' జట్టుకు బలమైన ప్రత్యర్థి (సగటు 1.4), 'గ' జట్టుకు బలహీనమైన ప్రత్యర్థి (సగటు 0.9) ఎదురైతే, మిగిలినవి మారలేదనుకుంటే, 'క' అంచనా 3.33కు దిగుతుంది. 'గ' అంచనా 4.68కి పెరుగుతుంది. ఆటగాళ్లు వారే, వరుస మాత్రం తారుమారైంది.

'క'ను వదిలి 'గ'ను తీసుకోవాలా? ఉచితమార్పు మిగిలి ఉంటే తీసుకోవచ్చు. లేకపోతే నాలుగు పాయింట్ల కోతను భరించాలి. వారానికి 1.35 పాయింట్ల లాభం కనీసం మూడు వారాలు కొనసాగితే తప్ప ఆ కోత పూడదు. తప్పు జవాబుకు మార్కులు కోసే పరీక్షల్లో అనుమానం ఉన్న ప్రశ్నను వదిలేయడం ఎందుకు మేలో తెలిసిన దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థికి ఈ తర్కం కొత్తది కాదు.

5. ఎంపికలో సాధారణంగా జరిగే పొరపాట్లు:

గణాంకాలు అందరికీ అందుబాటులో ఉన్నా అందరి ఎంపిక సరిగా ఉండదు. కారణాలు ముఖ్యంగా నాలుగు.

5.1 నిన్నటి పాయింట్లను చూసి రేపటి ఆటగాణ్ణి ఎంచుకోవడం: గతవారం రెండు గోల్స్ చేసినవాడి కోసం ఈ వారం అందరూ ఎగబడతారు. ఎదుర్కోబోయే ప్రత్యర్థి ఎవరన్నది మరచిపోతారు.

5.2 ఆడే నిమిషాలను లెక్కించకపోవడం: ఎంత గొప్ప ఆటగాడైనా బెంచీ మీద కూర్చుంటే పాయింట్లు రావు. మిగిలిన అంచనాలన్నీ 'ఆడితే' అన్న షరతుకు లోబడినవే.

5.3 చిన్న నమూనాను నమ్మడం: రెండు మూడు మ్యాచ్‌ల సగటు ఆటగాడి శక్తిని తెలపదు. ఒక పెనాల్టీ, ఒక ఎర్రకార్డు ఆ సగటును తలకిందులు చేయగలవు.

5.4 అభిమానం: తన అభిమాన క్లబ్బు ఆటగాణ్ణి వదులుకోలేకపోవడం, ప్రత్యర్థి క్లబ్బు ఆటగాణ్ణి తీసుకోలేకపోవడం. ఇది లెక్కకు సంబంధించిన లోపం కాదు. కాని దీని ఖర్చు లెక్కకు అందుతుంది.

వీటికి తోడు ఎంపికశాతం అనే అంశం కూడా ఉంది. ఎక్కువమంది వద్ద ఉన్న ఆటగాడు గోల్ చేస్తే అతడు ఉన్నవారికి పెద్ద లాభం లేదు, లేనివారికి నష్టం. కొద్దిమంది వద్దే ఉన్న ఆటగాడు గోల్ చేస్తే ర్యాంకు ఒక్కసారిగా పెరుగుతుంది. కనుక ముందంజలో ఉన్నవాడు అందరి బాట పట్టడం, వెనుకబడినవాడు భిన్నమైన ఎంపికకు సాహసించడం తార్కికం.

6. నైపుణ్యమా? యాదృచ్ఛికతా?

6.1 నలోపాఖ్యానం: లెక్కకు, పాచికకు గల సంబంధం తెలుగు పాఠకులకు కొత్త కాదు. నన్నయ రచించిన ఆరణ్యపర్వభాగంలోని నలోపాఖ్యానంలో జూదంలో సర్వస్వం కోల్పోయిన నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని వద్ద సారథిగా ఉంటాడు. దారిలో తాండ్రచెట్టును చూసి దాని ఆకులను, కాయలను ఋతుపర్ణుడు లెక్కకట్టి చెబుతాడు. నలుడు లెక్కించి చూసి ఆశ్చర్యపోతాడు. ఆ రాజు వద్ద అక్షహృదయాన్ని గ్రహించిన తరువాతనే అతడు పుష్కరునిపై గెలిచి రాజ్యాన్ని తిరిగి పొందుతాడు. సంఖ్యాజ్ఞానం, ద్యూతజ్ఞానం ఒకే గురువు వద్ద ఉండటం ఈ కథలో గమనించదగిన అంశం. అయితే ఇదే కథ విద్య తెలియక ఆడినవాడు ఏం కోల్పోతాడో కూడా చెబుతుంది.

6.2 న్యాయస్థానాల దృష్టి: ఆటలో నైపుణ్యం పాలు ఎక్కువగా ఉంటే అది జూదం కాదన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1957లో చమార్‌బాగ్‌వాలా వ్యాజ్యంలో ప్రతిపాదించింది. దశాబ్దం తరువాత ఆ సూత్రానికి సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆట సందర్భమైంది. 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ' వ్యాజ్యంలో 1967లో తీర్పు చెబుతూ, పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచాలో ఏది వదలాలో నిర్ణయించడం అవసరం కనుక రమ్మీ ప్రధానంగా నైపుణ్యక్రీడ అని సుప్రీంకోర్టు పేర్కొంది. నాడు హైదరాబాదు జూదచట్టం కింద మొదలైన ఈ వ్యాజ్యమే తరువాతి కాలంలో దేశమంతటా ఆన్‌లైన్ ఆటల వాదాలకు ఆధారమైంది. 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఊహాజట్టు క్రీడను నైపుణ్యక్రీడగా గుర్తించింది.

అదే 2017లో తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మొదట ఆర్డినెన్సు ద్వారా, ఆపై శాసనం ద్వారా సవరించింది. చట్టపరిధిని ఆన్‌లైన్‌కు విస్తరించి, నైపుణ్యక్రీడలకు ఉన్న మినహాయింపును తొలగించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా డబ్బుతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్రచట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యం యాదృచ్ఛికత అన్న భేదం లేకుండా, నిషేధించింది. ఎల్.బి. నగర్ యువకునికి తన రాష్ట్రంలో 2017 నుంచే ఉన్న నియమం ఎనిమిదేళ్ల తరువాత దేశానికంతటికీ వర్తించింది. డబ్బు ప్రమేయంలేని ఉచిత ఊహాజట్టు ఆట ఈ నిషేధపరిధిలోకి రాదు.

6.3 కాలవ్యవధి – విస్మృతమైన అంశం: నైపుణ్యం ఎక్కువా యాదృచ్ఛికత ఎక్కువా అన్న ప్రశ్నను ఆట పేరుతో అడగడం కంటే, ఎంతకాలం ఆడారన్న షరతుతో అడగడం సమంజసం. ప్రీమియర్ లీగ్ ఆట 38 వారాలు సాగుతుంది. వారానికి 11 మంది చొప్పున 418 ప్రదర్శనలు లెక్కకు వస్తాయి. ఒకవారపు దురదృష్టాన్ని మరోవారపు అదృష్టం చాలావరకు సరిచేస్తుంది. ప్రతివారం అర పాయింటు మెరుగైన ఎంపిక చేసిన ఆటగాళ్లు పదకొండు మంది ఉంటే సీజన్ ముగిసేసరికి ఆ తేడా 209 పాయింట్లవుతుంది. నైపుణ్యం అప్పుడు బయటపడుతుంది.

ప్రచారంలో ఉన్న డబ్బు ఆటల తీరు వేరు. వాటిలో ఒకే మ్యాచ్‌లోని రెండు జట్ల నుంచి 11 మందిని ఎంచుకునేవారు. ఆ మ్యాచ్ ముగియగానే ఫలితం తేలేది. పై ఉదాహరణలో 'క', 'గ'ల మధ్య మొదటివారం తేడా 0.46 పాయింట్లు. ఒక్క గోల్ విలువ ఆరు పాయింట్లు. ఒకే మ్యాచ్‌లో అర పాయింటు జ్ఞానాన్ని ఆరు పాయింట్ల యాదృచ్ఛికఘటన సులభంగా మింగేస్తుంది. పైగా ప్రవేశరుసుములో కొంతభాగం నిర్వాహకులకు పోయేది కనుక పాల్గొన్నవారందరికీ కలిపి తిరిగివచ్చే మొత్తం వారు కట్టినదానికంటే తక్కువగానే ఉండేది. సీజన్ పొడవునా ఉచిత ఆటలో మంచి ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థి, ఆ నైపుణ్యమే ఒక్క రాత్రి ఆటలో తనను కాపాడుతుందని నమ్మి వసతిగృహం అద్దెడబ్బును పందెం కాస్తే, అతడు పొరబడేది ఫుట్‌బాల్ విషయంలో కాదు, నమూనా పరిమాణం విషయంలో.

7. పరిభాష – కొన్ని పరిశీలనలు:

ఈ విషయాన్ని తెలుగులో చర్చించేటప్పుడు మూడు పదాల విషయంలో జాగ్రత్త అవసరం.

7.1 'ఎక్స్‌పెక్టెడ్' అన్న గణితపదాన్ని 'ఆశించిన' అని అనువదిస్తే కోరిక అన్న అర్థం ధ్వనిస్తుంది. గణితంలో దాని భావం దీర్ఘకాలపు సగటు. కనుక 'అంచనా గోల్స్' అనడం యుక్తం.

7.2 'అదృష్టం' అంటే వ్యుత్పత్తి ప్రకారం కనబడనిది. సంప్రదాయంలో అది పూర్వకర్మఫలానికి వాచకం. గోల్‌స్తంభానికి తగిలి బంతి బయటికి పోవడానికి అటువంటి కర్తృత్వాన్ని ఆపాదించలేం. అందువల్ల శాస్త్రచర్చలో 'యాదృచ్ఛికత' అన్న పదం మేలు.

7.3 సంస్కృత 'ద్యూత' శబ్దభవమైన 'జూదం' తెలుగులో నిందార్థంతోనే స్థిరపడింది. 'పందెం' అటువంటిది కాదు. సంక్రాంతి కోడిపందెం మొదలు పరుగుపందెం వరకు దానికి విస్తృతమైన వాడుక ఉంది. ఒక ఆటను పందెం అనాలా జూదం అనాలా అన్నది భాషాప్రశ్నగా కనిపించినా, దాని వెనుక సమాజం ఇచ్చే ఆమోదం, నిరాకరణ ఉన్నాయి. 'నైపుణ్యక్రీడ' అన్న కొత్త సమాసం ఆ ఆమోదాన్ని కోరుతూ చట్టపరిభాష నుంచి ప్రకటనల్లోకి ప్రవేశించింది.

8. ముగింపు:

• ఊహాజట్టు ఫుట్‌బాల్‌లో ఆటగాళ్ల ఎంపిక నియమావళి, జట్టు వ్యూహం, గణాంకం అనే మూడింటి సమన్వయం. ఏ ఒక్కటీ విడిగా చాలదు.

• జాబితాలోని వర్గనామానికి, మైదానంలోని వాస్తవపాత్రకు తేడా ఉన్నచోట పాయింట్లు ఎక్కువగా లభిస్తాయి. 1962లో జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపిన రహీం నిర్ణయం ఆ తేడాకు హైదరాబాదు ఇచ్చిన ఉదాహరణ.

• గణాంకం రేపు జరగబోయేదాన్ని చెప్పదు. జరిగే అవకాశాల తారతమ్యాన్ని చెబుతుంది. అంచనా గోల్స్, క్లీన్ షీట్ సంభావ్యత వంటివాటిని ఈ పరిమితితోనే వాడుకోవాలి.

• నైపుణ్యం, యాదృచ్ఛికతల పాళ్లు ఆట స్వభావాన్ని బట్టే కాక కాలవ్యవధిని బట్టి కూడా మారతాయి. 38 వారాల ఉచిత ఆటలో నిజమైన నైపుణ్యం, ఒక్క మ్యాచ్ డబ్బు ఆటలో చాలావరకు యాదృచ్ఛికతకు లోబడుతుంది.

• నైపుణ్యాన్ని కొలమానంగా తీసుకున్న రమ్మీ తీర్పు నుంచి డబ్బునే కొలమానంగా తీసుకున్న 2025 చట్టం వరకు సాగిన మార్పులో సికింద్రాబాదు వ్యాజ్యానికి, తెలంగాణ సవరణకు ప్రత్యేకస్థానం ఉంది.

• దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాల విద్యార్థులకు ఈ ఆట సంభావ్యతాశాస్త్రానికి ఖర్చులేని అభ్యాసం కాగలదు. కళాశాల అధ్యాపకులు ఆ ఆసక్తిని గణితబోధనకు, తెలుగు పరిభాషాకల్పనకు వినియోగించుకోవచ్చు.